శుభం కార్డుకి ముందు చాలా రీళ్ళున్నాయి!

కౌన్సెలింగ్‌కి మొదటిసారి వెళ్ళే కుర్రాళ్ళకీ, అమ్మాయిలకీ కొన్ని అసలు సంగతులు

మన సినిమాల్లో మానసిక వైద్యుడు ఎప్పుడొస్తాడు? కథ ముడి పడిపోయి, ఇక విప్పటం రచయిత వల్ల కాదనుకున్నప్పుడొస్తాడు! బుల్లి గడ్డం, దళసరి కళ్ళద్దాలు, నోట్లో పైపు. హీరోయిన్ని వాలుకుర్చీలో పడుకోబెట్టి కళ్ళ ముందు గొలుసు గడియారం ఊపుతాడు. "వెనక్కి వెళ్ళు... ఇంకా వెనక్కి..." అంటాడు. తెర అలలు అలలుగా కదులుతుంది. ఫ్లాష్‌బ్యాక్ మొదలు! చిన్నప్పుడు చూసిన ఘోరం బయటపడుతుంది. హీరోయిన్ కెవ్వున కేక పెట్టి స్పృహ తప్పుతుంది. లేచేసరికి జబ్బు మాయం. శుభం!

అదీ కాదంటే కరెంటు షాకు. నలుగురు వస్తాదులు పట్టుకుంటారు, కాళ్ళూ చేతులూ కట్టేస్తారు, స్విచ్చి వేస్తారు. ఇక కామెడీ ట్రాకులో అయితే మరీ సులువు. "వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలి" అని ఒక్క డైలాగు పడితే చాలు, నేల నుంచి బాల్కనీ దాకా నవ్వులే.

అన్నీ ఇలాంటివేనా అంటే, కాదు. 1960లో గుత్తా రామినీడు దర్శకత్వంలో 'చివరకు మిగిలేది' వచ్చింది. సావిత్రి అందులో మానసిక చికిత్సాలయంలో నర్సు. రోగిని మామూలు మనిషిని చెయ్యటానికి అతన్ని ప్రేమించినట్టు నటిస్తుంది. రోగి బాగుపడతాడు. నటించిన నర్సు మనసే చివరకు చితికిపోతుంది. బెంగాలీలో సుచిత్రాసేన్ నటించిన 'దీప్ జ్వేలే జాయ్' (1959) దీనికి మూలం. అదే కథని 1969లో వహీదా రెహమాన్‌తో హిందీలో 'ఖామోషీ'గా తీశారు. సావిత్రి నటనకి ఈనాటికీ దణ్ణం పెట్టొచ్చు. కానీ ఆ చికిత్స వుందే, అది నిజంగా ఎవరైనా చేస్తే వాళ్ళ వృత్తికే ఎసరొస్తుంది! కౌన్సెలింగ్ చేసేవాళ్ళకీ, చేయించుకునేవాళ్ళకీ మధ్య ప్రేమ వ్యవహారం కూడదన్నది ఈ వృత్తిలో గట్టి నియమం.

2005లో 'చంద్రముఖి'లో రజనీకాంత్ మానసిక వైద్యుడు. 1993 నాటి మలయాళ చిత్రం 'మణిచిత్రతాళు'లో మోహన్‌లాల్ వేసిన పాత్ర అది. ఆ డాక్టరు పరిశోధన చేస్తాడు, పాట పాడతాడు, ఫైటూ చేస్తాడు. చూట్టానికి బ్రహ్మాండంగా వుంటుంది. అసలు డాక్టరు దగ్గర మాత్రం అంత సందడి వుండదు. ఉన్నవాటిలో నిజానికి కాస్త దగ్గరగా వచ్చింది 2016 నాటి హిందీ సినిమా 'డియర్ జిందగీ'. ఆలియా భట్ మాట్లాడుతుంది, షారుఖ్ ఖాన్ వింటాడు. చివర్లో ఆ అమ్మాయి తన మనసులో మాట చెబితే, సున్నితంగా కాదని పంపిస్తాడు. 'చివరకు మిగిలేది' నర్సుకీ ఈ డాక్టరుకీ వున్న తేడా చూశారా?

ఇబ్రహీంపట్నం నుంచి మూడు ప్రశ్నలు

ఇదంతా ఎందుకు ఏకరువు పెడుతున్నానంటే, సినిమా చూసి మనం నేర్చుకున్న భయాలు సామాన్యమైనవి కావు. 

మాది ఇబ్రహీంపట్నం. బెజవాడ నుంచి హైదరాబాదు రోడ్డు పట్టుకుంటే భవానీపురం, గొల్లపూడి, గుంటుపల్లి దాటాక వస్తుంది. ఒక పక్క థర్మల్ స్టేషను పొగగొట్టాలు, ఇంకో పక్క కొండపల్లి ఖిల్లా, ఇటు ఫెర్రీ దగ్గర కృష్ణమ్మ. మా వీధిలో ఒక కుర్రాడున్నాడు. డిగ్రీ రెండో సంవత్సరం. అభిమాన హీరో బొమ్మ పడిందంటే తెల్లారకముందే గాంధీనగర్ థియేటర్ల దగ్గర తేలే రకం! అలాంటివాడు ఈమధ్య రెండు సినిమాలు వచ్చి వెళ్ళిపోయినా కదల్లేదు. ఓ సాయంత్రం ఫెర్రీ మెట్ల మీద నా పక్కన కూచుని, "అన్నా, నిద్ర పట్టట్లా. పుస్తకం తీస్తే అక్షరాలు కనపడతన్నాయి గానీ బుర్రకెక్కట్లా. ఎవరితోనన్నా మాట్లాడదామనుంది. కానీ..." అని ఆగాడు. ఆ 'కానీ' వెనకాల మూడు ప్రశ్నలున్నాయి.

ఒకటి: "నే చెప్పిందంతా మా నాన్నకి చెప్పేస్తారా?"

రెండు: "మందులిచ్చి మత్తులో పడేస్తారా?"

మూడు: "పిచ్చోడని ముద్ర పడితే రేపు ఉద్యోగం వచ్చిద్దా?"

నన్నే ఎందుకడిగాడంటే, మా నాన్న పోయిన ఏడాది నేను పదకొండు వారాలు బెజవాడ వెళ్ళి కౌన్సెలింగ్ తీసుకున్నానని వాడికి తెలుసు. సినిమాల మీద రాసి బతికే నేను ఆ రోజుల్లో ఒక్క సినిమా కూడా కుదురుగా కూచుని చూడలేకపోయాను. పదిహేను నిముషాలకే బయటికొచ్చేసేవాణ్ణి.

మేమిద్దరమే కాదు లెండి. 2015-16లో బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ దేశంలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో వున్నారని తేలింది. వాళ్ళలో చికిత్స అందనివాళ్ళు, జబ్బుని బట్టి, నూటికి 70 నుంచి 92 మంది దాకా వున్నారు! హౌస్‌ఫుల్ అయిన హాలుని ఊహించుకోండి. మీ వరసలోనే ఒకరో ఇద్దరో వుంటారన్నమాట. 2015లో దీపికా పదుకొనే తనకి డిప్రెషన్ వచ్చిందని బాహాటంగా చెప్పింది. చేతి నిండా సినిమాలూ, పేరూ వున్న సమయంలోనే అది వచ్చిందంది. 'ఆమెకేం తక్కువ?' అని చాలామంది ఆశ్చర్యపోయారు. తక్కువైతేనే వస్తుందన్నది మన అపోహ.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

ఇక్కడే చాలామంది తికమకపడతారు. సైకియాట్రిస్టు అంటే ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపైన మానసిక వైద్యంలో ప్రత్యేకంగా చదివిన డాక్టరు. మందులు రాసేది ఈయనే. క్లినికల్ సైకాలజిస్టు అంటే మనస్తత్వశాస్త్రంలో పై చదువు చదివి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో పేరు నమోదైనవాళ్ళు. పరీక్షలు పెడతారు, మాటల ద్వారా చికిత్స చేస్తారు, మందులు రాయరు. ఇక 'కౌన్సెలర్' అన్న బోర్డు చాలామంది పెట్టుకుంటారు. వాళ్ళలో చక్కగా చదివినవాళ్ళూ వున్నారు, రెండు రోజుల క్లాసుకి వెళ్ళొచ్చి బోర్డు కట్టినవాళ్ళూ వున్నారు. "మీరేం చదివారండీ? ఇలాంటి సమస్యలు చూశారా?" అని మర్యాదగా అడగండి. మంచివాళ్ళు ఏమీ అనుకోరు. చిరాకు పడ్డారంటే మీకు జవాబు దొరికినట్టే!

డబ్బు ఇబ్బంది వున్నవాళ్ళు బెజవాడ ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి ఓ.పి. చీటీ రాయించుకుని వెళ్ళొచ్చు. జనం ఎక్కువ, కాబట్టి మాట్లాడే టైము తక్కువ దొరుకుతుంది. అందుకని చెప్పదల్చుకున్నవి ముందే కాయితం మీద రాసుకుని వెళ్ళటం తెలివైన పని. ప్రైవేటుగా అయితే ఫోన్లోనే ఫీజు ఎంతో, ఎంతసేపు మాట్లాడతారో అడిగేయండి. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

మొదటి రోజు ఏం జరుగుతుంది?

ముందే చెబుతున్నాను, గొలుసు గడియారం వుండదు. వాలుకుర్చీ కూడా వుండకపోవచ్చు. నేను వెళ్ళిన చోట రెండు మామూలు కుర్చీలు, ఒక టీపాయ్, దాని మీద మంచినీళ్ళూ, కాయితపు రుమాళ్ళ డబ్బా. ఆవిడ వయసు నలభై ఐదు వుంటుంది. నేను పది నిముషాలు గొంతు సవరించుకోవటంతోనే సరిపెట్టాను.

"ఎక్కణ్ణుంచి మొదలెట్టాలో తెలియట్లేదు మేడం" అన్నాను.

"పరవాలేదు. ఇవాళ పొద్దున ఎన్నింటికి లేచారు? అక్కణ్ణుంచి చెప్పండి" అందావిడ.

మూడున్నరకి లేచానన్నాను. అలా మొదలైంది. నాన్న సంగతి వచ్చేసరికి ముప్పావు గంట గడిచిపోయింది.

మామూలుగా ఒక సిట్టింగు 45 నిముషాల నుంచి గంట దాకా వుంటుంది. మొదటిదాంట్లో ప్రశ్నలే ఎక్కువ. నిద్ర ఎలా వుంది, తిండి ఎలా వుంది, చదువెలా సాగుతోంది, ఇంట్లో ఎవరెవరున్నారు, ఇదివరకు ఇలా ఎప్పుడైనా వచ్చిందా, మందు, సిగరెట్టు అలవాట్లున్నాయా, వేరే జబ్బులకి ఏమైనా మందులు వాడుతున్నారా... ఇలా. ఒక్కోచోట ఒక కాయితం ఇచ్చి పూర్తి చెయ్యమంటారు. డిప్రెషన్‌కి వాడే ఒక పట్టికలో 9 ప్రశ్నలుంటాయి. గడిచిన రెండు వారాల్లో ఏ ఇబ్బంది ఎన్ని రోజులు పడ్డారో చెబితే ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 27. పరీక్షలు రాసి రాసి అలిసిపోయిన మనవాళ్ళకి ఒక శుభవార్త: ఇందులో మార్కులు తక్కువొస్తేనే మంచిది! డాక్టర్లు థైరాయిడ్‌కి రక్తపరీక్ష కూడా రాయొచ్చు. థైరాయిడ్ తగ్గినా నీరసం, దిగులు వస్తాయి మరి.

ఒక ప్రశ్న దగ్గర మాత్రం మీరు ఉలిక్కిపడొచ్చు. "చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అని సూటిగా అడుగుతారు. అందర్నీ అడుగుతారు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని పరిశోధనలు చెబుతున్నాయి. వుంటే వుందని చెప్పండి. అది చెప్పుకోవటానికే ఆ గది.

మొదటి రోజు బయటికొచ్చాక తేలిగ్గా అనిపించొచ్చు. అసలేమీ అనిపించకపోవచ్చు. 'ఇంతేనా, సలహా ఏమీ ఇవ్వలేదే!' అని కోపం రావొచ్చు. నాకు తలనొప్పి వచ్చింది. మూటలన్నీ విప్పి నడి ఇంట్లో పరిచినట్టు, ఆ పూటకి ఇల్లంతా చిందరవందరగానే వుంటుంది. అంతమాత్రాన రెండోసారి మానెయ్యకండి.

నాన్నకి చెప్పేస్తారా?

మొదటి ప్రశ్నకి జవాబు: చెప్పరు. 2018 మే 29 నుంచి అమల్లో వున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) ప్రకారం మీ చికిత్స వివరాలు రహస్యంగా వుంచుకునే హక్కు మీది. మీ అనుమతి లేకుండా పేపర్లకీ, టీవీలకీ ఫొటోలు గానీ వివరాలు గానీ ఇవ్వకూడదని కూడా అందులో వుంది.

మినహాయింపులు కొన్ని వున్నాయి. మీ ప్రాణానికో, ఇంకొకరి ప్రాణానికో ముప్పుందనిపిస్తే కాపాడటానికి కావలసినంత మేరకు ఇంటివాళ్ళకి చెబుతారు. కోర్టు ఆదేశిస్తే చెప్పాలి. పసివాళ్ళ మీద లైంగిక అత్యాచారం జరిగిన సంగతి తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి తెలియజెయ్యాలి. పద్దెనిమిదేళ్ళు నిండనివాళ్ళ విషయంలో తల్లిదండ్రుల్ని కలుపుకుంటారు. మంచి కౌన్సెలర్ ఈ సంగతులన్నీ మొదటి రోజే తనంతట తాను చెబుతారు. చెప్పకపోతే మీరే అడగండి.

మత్తులో పడేస్తారా?

రెండో ప్రశ్న. అందరికీ మందులక్కర్లేదు. చాలామందికి మాటలతోనే సరిపోతుంది. కొందరికి రెండూ కావాలి. డిప్రెషన్‌కిచ్చే మందులు వేరు, నిద్రమాత్రలు వేరు. డిప్రెషన్ మందులు తలనొప్పి బిళ్ళల్లాగా గంటలో పనిచెయ్యవు. రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. మొదట్లో కడుపులో తిప్పటం, మగతలాంటివి వుండొచ్చు. చాలామందికి సర్దుకుంటుంది, లేకపోతే డాక్టరు మందు మారుస్తారు. 'బాగానే వుందిగా' అని మీ అంతట మీరు ఠక్కున ఆపటమే చెడ్డ పని. నిద్రమాత్రల్లో కొన్ని అలవాటు పడే రకం కాబట్టి అవి డాక్టరు చెప్పినన్ని రోజులే. మందుల షాపువాణ్ణి అడిగి సొంతంగా కొనుక్కోవద్దు.

ఇక కరెంటు షాకు సంగతి. సినిమాల్లో చూపించినట్టు మెలకువగా వున్న మనిషిని కట్టేసి ఇవ్వటం నేరం. మత్తూ, కండరాలు సడలించే మందూ ఇవ్వకుండా ఆ చికిత్స చెయ్యకూడదని ఇందాకటి చట్టమే నిషేధించింది. తీవ్రమైన జబ్బుల్లో పద్ధతి ప్రకారం చేస్తే ప్రాణాలు నిలబెట్టే చికిత్స అది. కౌన్సెలింగ్‌కి వెళ్ళినవాడికి దానితో పనే లేదు.

ముద్ర పడిద్దా?

మూడోది. మీరు కౌన్సెలింగ్‌కి వెళ్ళారని ఏ కాలేజీకీ, ఏ కంపెనీకీ జాబితా వెళ్ళదు. కొన్ని ఉద్యోగాలకి సొంత వైద్య పరీక్షలుంటాయి, నిజమే. కానీ అక్కడ చూసేది పని చెయ్యగలరా లేదా అన్నది. ఆలోచిస్తే, నిద్రా తిండీ లేక పరీక్ష తప్పటం వల్ల పోయే ఉద్యోగాలే ఎక్కువ! ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్ళని కూడా నేరస్థులుగా కాక తీవ్రమైన ఒత్తిడిలో వున్నవాళ్ళుగా చూడాలనీ, ప్రభుత్వం వాళ్ళకి చికిత్స అందించాలనీ అదే చట్టం చెబుతోంది.

ఊళ్ళో ముద్ర సంగతి వేరు. దానికి చట్టం లేదు. "ఏరా, వారం వారం బెజవాడేంటి? కొత్త బొమ్మలేం లేవుగా!" అని టీ కొట్టు దగ్గర నన్నూ అడిగారు. "పనుంది" అన్నాను. అంతకంటే చెప్పాల్సిన బాకీ నాకు లేదు. అమ్మకి మాత్రం చెప్పాను. 'డిప్రెషన్' అని పెద్ద మాట వాడలేదు. "నిద్ర పట్టట్లేదమ్మా, డాక్టర్ని చూపించుకుంటున్నా" అన్నాను. "మీ నాన్న పోయిన దగ్గర్నుంచి నాక్కూడా పట్టట్లేదురా" అంది. ఒకే ఇంట్లో రెండు గదుల్లో ఇద్దరం మెలకువగా వున్నామన్నమాట, అన్నాళ్ళూ!

ఎన్ని వారాలు?

ఇంటర్వెల్‌కే శుభం కార్డు పడదు. సమస్యని బట్టి వారానికోసారి చొప్పున ఆరు నుంచి ఇరవై సిట్టింగుల దాకా పట్టొచ్చు. కొందరికి ఇంకా ఎక్కువ. మధ్యలో హోంవర్కు కూడా వుంటుంది. ఏ రోజు ఎంతసేపు పడుకున్నారో రాయమంటారు. 'ఈ సబ్జెక్టు పోతే నా బతుకంతా పోయినట్టే' అన్న ఆలోచన వచ్చిందనుకోండి. దాన్ని కాయితం మీద పెట్టి, దానికి సాక్ష్యమేమిటి, ఎదురు సాక్ష్యమేమిటి అని కోర్టు సీన్లో లాయరులాగా వాదించమంటారు. ఇద్దరు లాయర్లూ మీరే!

నాకిచ్చిన హోంవర్కు వింటే నవ్వుతారు. "వారానికో మ్యాట్నీకి వెళ్ళండి. నచ్చకపోతే ఇంటర్వెల్లో లేచి వచ్చెయ్యండి. వెళ్ళటం మాత్రం మానొద్దు" అందావిడ. వెళ్ళాలనిపించేదాకా ఆగితే ఎప్పటికీ వెళ్ళం, ముందు వెళ్తే వెనకనే మనసు వస్తుందని ఆ పద్ధతి. మొదటి వారం ఇరవై నిముషాలు. రెండో వారం ఇంటర్వెల్ దాకా. ఆరో వారం ఒక నాసిరకం సినిమా... కథ లేదు, పాటలు లేవు, హీరోకి నటన రాదు. మొత్తం చూశాను! బయట స్టాండులో బండి తీస్తుంటే తట్టింది, రెండున్నర గంటలు నాన్న ఆఖరి రోజు గుర్తు రాలేదని. ఆ బండి మీదే కూచుని కాసేపు ఏడ్చాను. తరవాత ఇంటికొచ్చి ఆ సినిమాని చీల్చి చెండాడుతూ సమీక్ష రాశాను. నాలుగు నెలల్లో నేను రాసిన మొదటి సమీక్ష అదే.

అందరికీ మొదట దొరికిన కౌన్సెలరే కుదరాలని లేదు. మూడు నాలుగు సార్లు వెళ్ళినా మాట కలవకపోతే ఆ మాటే వాళ్ళతో చెప్పండి, మార్చుకోండి. ఈ చికిత్సలో ఆ ఇద్దరి మధ్య నమ్మకానిదే పెద్ద పాత్ర. ఒక్క రోజులో నయం చేస్తామన్నా, ముందే మొత్తం డబ్బు కట్టమన్నా, మీ కులాన్నో నడవడినో ఎత్తి తిట్టినా, అనవసరంగా తాకినా లేచి వచ్చెయ్యండి.

అర్ధరాత్రి అయితే?

క్లినిక్కులు అర్ధరాత్రి తెరిచి వుండవు. మనసు మాత్రం ఆ వేళకే తిరగబడుతుంది. అందుకే 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, కేంద్ర ప్రభుత్వం 'టెలి మానస్' మొదలుపెట్టింది. నంబరు 14416. అది కలవకపోతే 1800 891 4416. పైసా ఖర్చు లేదు, 24 గంటలూ వుంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు, అవసరమైతే మానసిక వైద్యుడికి కలుపుతారు. గదిలో ఎదురుగా కూచుని చెప్పటానికి జంకేవాళ్ళు ఇక్కణ్ణుంచే మొదలెట్టొచ్చు. ఇప్పుడే ఏదైనా చేసుకుంటాననిపిస్తోందా? ఒంటరిగా వుండకండి. పక్కవాళ్ళని లేపండి, 108కి గానీ 112కి గానీ ఫోన్ చెయ్యండి.

వెళ్ళే రోజుకి జేబులో పెట్టుకోవాల్సినవి: వాడుతున్న మందుల చీటీ, పాత రిపోర్టులు వుంటే అవి, ఒక కాయితం మీద మూడు వాక్యాలు. ఎప్పట్నుంచి, ఏం ఇబ్బంది, ఏం మారాలని కోరిక. ఎవరినన్నా తోడు తీసుకెళ్తానంటే తీసుకెళ్ళండి, వాళ్ళు బయట బెంచీ మీద కూచుంటారు. ఆ రోజు ఇంకే పనీ పెట్టుకోకండి. అపాయింట్‌మెంటుకి పది నిముషాలు ముందుండండి. టైటిల్స్ నుంచీ చూస్తేనే గదా, కథ అర్థమయ్యేది!